తెలిసేలోపే గడిచిపోయే నాలుగు వారాలు

కడుపుతో ఉన్న మనిషి మొదటిసారి సర్కారు దవాఖానకు పోతే నర్సమ్మ ముందుగా అడిగేది ఒకటే: ఆఖరుసారి నెలసరి ఎప్పుడు వచ్చింది? ఆ తేదీని తల్లీబిడ్డల కార్డు మీద రాసుకుని, దానికి తొమ్మిది నెలల ఏడు రోజులు కలిపి కాన్పు తేదీ చెబుతారు. ఈ లెక్కలో చిన్న మతలబు ఉంది. నెలసరి వచ్చిన రోజున పిండం అన్నదే లేదు, అండం ఇంకా విడుదలే కాలేదు. 28 రోజులకోసారి నెలసరి వచ్చే మనిషికి అండం బయటపడేది దాదాపు 14వ రోజున. కాబట్టి డాక్టరు ఆరు వారాల గర్భం అన్నారంటే లోపలి పిండం వయసు నాలుగు వారాలే. కాన్పు తేదీ వరకైతే ఈ రెండు వారాల తేడాతో ఎవరికీ ఇబ్బంది లేదు. కానీ ఇవాళ నేను చెప్పబోయేదంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది. పిండానికి నాలుగు వారాలు నిండేసరికి బిడ్డ మెదడుకూ వెన్నుపాముకూ పునాది పడటం, అది మూసుకోవడం రెండూ అయిపోతాయి. అప్పటికి తల్లికి నెల తప్పి రెండు వారాలు. చాలామంది ఇంట్లో కూడా ఇంకా నోరు విప్పి చెప్పి ఉండరు. గర్భిణికి మనం చెప్పే జాగ్రత్తల్లో కనీసం ఒకటి గర్భం రాకముందే మొదలుకావాలని, మన నిజామాబాద్, బోధన్ ప్రాంతంలో అది అనుకున్నంత కష్టం కాదని నా వాదన.

ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. అండం మిల్లీమీటరులో పదోవంతు ఉంటుంది, చూపు బాగున్న మనిషికి కంటికి ఆనీ ఆననంత. అండాశయం నుంచి వెలువడ్డాక దాని ఆయుష్షు ఒక రోజుకు మించదు. శుక్రకణం మాత్రం స్త్రీ శరీరంలో అయిదు రోజుల దాకా బతకగలదు. కోట్ల సంఖ్యలో బయలుదేరిన శుక్రకణాల్లో అండం ఉన్న గొట్టం దాకా చేరేవి కొన్ని వందలే. వాటిలో ఒకటి అండం పైపొరను దాటి లోపలికి పోగానే అండమంతటా కాల్షియం అల ఒకటి పరుచుకుంటుంది. దాంతో పైపొర స్వభావమే మారి, రెండో కణానికి దారి మూసుకుపోతుంది. ఒక వింత ఏమిటంటే, అండం తన చివరి విభజన పూర్తి చేసుకునేది అప్పుడే. ఆ విభజనల వరస మొదలైంది ఎప్పుడు? ఆ తల్లి తన తల్లి కడుపులో ఉన్నప్పుడు. పాతికేళ్లు ఆగిపోయిన పని ఆ కొద్ది గంటల్లో ముగుస్తుంది. ఆడపిల్లా మగపిల్లాడా అన్నది కూడా వచ్చిన శుక్రకణం ఎక్స్ మోసుకొచ్చిందా వై మోసుకొచ్చిందా అన్నదాన్ని బట్టి అక్కడికక్కడే తేలిపోతుంది. అందులో కోడలి పాత్ర ఏమీ లేదని ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

తర్వాత ఒక కణం రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. మొదటి రెండు మూడు రోజులు పిండం తన సొంత జన్యువుల మీద నడవదు, తల్లి అండంలో దాచిపెట్టిన సరుకుతోనే నెట్టుకొస్తుంది. నాలుగు నుంచి ఎనిమిది కణాల దశలో దాని జన్యువులు పనిలోకి దిగుతాయి. నాలుగో రోజుకు గర్భసంచిలోకి చేరి, అయిదో రోజుకు లోపల నీటి ఖాళీ ఉన్న గుండ్రటి ఉండ అవుతుంది. ఆరేడు రోజులకు గర్భసంచి గోడను పట్టుకోవడం మొదలుపెడుతుంది. నెల తప్పిందని తెలిపే హార్మోను రక్తంలోకి చేరేది ఆ తర్వాతే, కాబట్టి అంతకుముందు ఏ పరీక్షా పట్టుకోలేదు. 15వ రోజు ప్రాంతంలో కణాలు మూడు పొరలుగా సర్దుకుంటాయి. ఇక్కడి నుంచి అసలు కథ. 18వ రోజుకు వీపు వైపున కణాల పట్టీ ఒకటి మందంగా ఏర్పడుతుంది. దాని రెండు అంచులూ పైకి లేచి, ఒకదానివైపు ఒకటి వంగి, 22వ రోజు ప్రాంతంలో మెడ వచ్చే చోట మొదట కలుసుకుంటాయి. అక్కడి నుంచి తల వైపూ నడుము వైపూ మూసుకుంటూ పోతాయి. తల కొస దాదాపు 25వ రోజున, నడుము కొస 28వ రోజున మూతపడతాయి. ఇదే నాడీనాళం. అప్పటికి పిండం పొడుగు నాలుగు మిల్లీమీటర్లు, గుండె కొట్టుకోవడం మొదలై వారం కూడా కాలేదు. తల కొస మూసుకోకపోతే మెదడు ఏర్పడదు, ఆ బిడ్డ దక్కదు. నడుము కొస మూసుకోకపోతే వెన్నుపాము బయటికి పొడుచుకొచ్చి, కాళ్లు చచ్చుబడి, మలమూత్రాల మీద అదుపు లేకుండా బిడ్డ పుడుతుంది. దాన్నే స్పైనా బైఫిడా అంటారు. మన దేశంలో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే వెయ్యి కాన్పుల్లో నాలుగు పైచిలుకు ఇలాంటి లోపాలు కనిపిస్తున్నాయి. చాలా దేశాలతో పోలిస్తే ఇది ఎక్కువ.

ఈ మూతపడే పనికి కణాలు వడివడిగా విభజన చెందాలి. విభజన అంటే కొత్త డీఎన్‌ఏ తయారీ, ఆ తయారీకి ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ కావాలి. ఈ ముక్క దగ్గర మన తెలుగువాడి పేరు చెప్పకుండా ముందుకు పోలేం. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ అనే మందుల సంస్థ పరిశోధనలకు పెద్దగా ఉండగా, ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారు చేసి చూపింది. అంతకు పదిహేనేళ్ల ముందు లూసీ విల్స్ అనే ఇంగ్లండు డాక్టరమ్మ బొంబాయిలో బట్టల మిల్లు కూలీల ఇళ్లల్లో గర్భిణులకు వచ్చే రక్తహీనత ఈస్టు సారంతో తగ్గుతుందని కనిపెట్టింది. ఆ సారంలో ఉన్న గుణం ఫోలిక్ యాసిడ్‌దేనని తర్వాత తేలింది. సుబ్బారావు బృందమే ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే మందు అమినాప్టరిన్‌ను కూడా తయారుచేసింది. దాన్ని 1948లో పిల్లల రక్త క్యాన్సర్‌కు వాడారు. 1950ల మొదట్లో ఆ మందునే గర్భం పోగొట్టడానికి వాడి చూసినప్పుడు, పోకుండా నిలిచిన కొన్ని గర్భాల్లో పిండాలకు వైకల్యాలు వచ్చాయి. ఫోలిక్ యాసిడ్‌ను ఆపేస్తే పిండం చెడుతుందన్న సాక్ష్యం అలా ముందే దొరికింది. ఇస్తే కాపాడుతుందా అన్న ప్రశ్నకు మాత్రం ఇంకో నలభై ఏళ్లు పట్టింది.

ఆ జవాబు 1991లో వచ్చింది. బ్రిటన్ వైద్య పరిశోధన మండలి ఏడు దేశాల్లోని 33 కేంద్రాల్లో, అంతకుముందే ఇలాంటి బిడ్డను కన్న 1,817 మంది స్త్రీల మీద పరీక్ష జరిపింది. కొందరికి మళ్లీ గర్భం రాకముందు నుంచే రోజుకు 4 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఇచ్చారు, మిగతావాళ్లకు ఇవ్వలేదు. ఇచ్చినవాళ్లలో లోపం 72 శాతం తగ్గింది. మరుసటి ఏడాది హంగరీలో, అలాంటి చరిత్ర లేని మామూలు స్త్రీలలోనూ ఫలితం కనబడింది. నాకు అన్నిటికన్నా పనికొచ్చేదిగా తోచేది 1999లో వెలువడిన చైనా అధ్యయనం. అక్కడ పెళ్లికి ముందు జరిగే వైద్య పరీక్షలప్పుడే ఆడపిల్లల పేర్లు రాసుకుని రోజుకు 400 మైక్రోగ్రాముల గోలీ వేసుకోమన్నారు. లోపాలు ఎక్కువగా ఉన్న ఉత్తర ప్రాంతంలో అవి వెయ్యికి 4.8 నుంచి 1కి దిగాయి. ఈ అధ్యయనాలన్నిటిలో గోలీ మొదలైంది గర్భానికి ముందే అన్న సంగతి గమనించాలి. నాడీనాళం మూసుకున్నాక మొదలుపెట్టిన గోలీ రక్తహీనతకు పనికొస్తుంది, ఈ లోపానికి కాదు. బోధన్, రుద్రూర్, వర్ని వైపు చెరకు రైతుకు ఇది విడమరిచి చెప్పక్కరలేదు. ముచ్చెలను మందునీళ్లలో ముంచేది భూమిలో పెట్టకముందే గాని, మొలక వచ్చాక తవ్వి తీసి ముంచేవాడు లేడు.

సర్కారు ఇస్తూనే ఉంది కదా, ఇంకా ఏమిటి గోల అని ఎవరైనా అనవచ్చు. ఇస్తున్న మాట నిజం. గర్భిణి పేరు రాయించుకున్న నాటి నుంచి మొదటి మూడు నెలలు ఫోలిక్ యాసిడ్, ఆ తర్వాత ఐరన్ కలిపిన గోలీలు ఇస్తున్నారు. అవి మానమని నేను అనడం లేదు. కానీ పేరు రాయించేది ఎప్పుడు? తొందరగా వచ్చినా ఆరో వారమో ఎనిమిదో వారమో. అప్పటికి నాళం మూసుకోవడమో మానుకోవడమో జరిగిపోయి ఉంటుంది. 2017లో కేసీఆర్ కిట్టు పేరుతో మొదలైన పథకం అయినా, ఆ తర్వాత జిల్లా దవాఖానల్లోకి వచ్చిన, బిడ్డ అవయవాలను చూసే టిఫ్ఫా స్కాన్ అయినా అంతే, రెండూ గర్భం తెలిశాక అందేవే. టిఫ్ఫా 18, 20 వారాలప్పుడు లోపాన్ని చూపిస్తుంది, సరిచేయదు. అనీమియా ముక్త్ భారత్ పథకంలో గర్భం లేని స్త్రీలకు కూడా వారానికో ఐరన్ ఫోలిక్ గోలీ చెప్పారు, గర్భం కోరుకునేవారు రోజూ 400 మైక్రోగ్రాములు వాడాలనీ రాశారు. కాగితం మీద లోటు లేదు. కొత్త కోడలి చేతికి ఆ గోలీ ఎవరు, ఏ రోజున ఇస్తారన్న దగ్గరే లోటు. రేషన్ బలవర్ధక బియ్యంలో ఫోలిక్ యాసిడ్ కలుపుతున్నారు గదా అనేవారూ ఉన్నారు. లెక్క చూద్దాం. నిర్ణయించిన ప్రమాణం ప్రకారం అలాంటి బియ్యంలో కిలోకు 75 నుంచి 125 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. మనిషికి నెలకు ఆరు కిలోలంటే రోజుకు 200 గ్రాములు. అంటే రోజుకు దక్కేది ఎక్కువలో ఎక్కువ 25 మైక్రోగ్రాములు, కావలసినదాంట్లో పదహారోవంతు.

ఇంతకన్నా బలమైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. గర్భం ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు, ఒక నెల ముందు గోలీ మొదలుపెట్టమంటే ఎట్లా అని. చాలా చోట్ల ఇది సరైన ప్రశ్నే. కాని మన జిల్లాలో ఎన్నో ఇళ్లల్లో అది ముందే తెలుస్తుంది. ఆర్మూర్, బాల్కొండ, భీమ్‌గల్ నుంచి బోధన్ దాకా ఏ ఊళ్లో చూసినా దుబాయ్‌లోనో మస్కట్‌లోనో సౌదీలోనో ఉన్న మగవాళ్లు కనిపిస్తారు. రెండేళ్లకోసారి సెలవు, సెలవుంటే నెలన్నరో రెండు నెలలో. టికెట్ తేదీ ఇంటికి ముందే తెలుస్తుంది. శంషాబాద్‌కు బండి మాట్లాడటం, పుట్టింటి నుంచి కోడలు రావడం, పిల్లల బడి సెలవులు, అన్నీ ఆ తేదీని బట్టే సర్దుకుంటారు. ఫోలిక్ యాసిడ్ కూడా ఆ తేదీని బట్టే మొదలైతే చాలు. టికెట్ తీసుకున్న వారం నుంచి ఇక్కడ భార్య గోలీ వేసుకోవచ్చు. అక్కడ భర్తకూ ఒక పని ఉంది. శుక్రకణం తయారు కావడానికి రెండు నెలల పైనే పడుతుంది, అంటే సెలవులో వచ్చిన మనిషి ఒంట్లోని శుక్రకణాలు గల్ఫ్ క్యాంపులో ఉండగానే తయారవుతూ వచ్చినవి. సిగరెట్, మందు మానాలనుకుంటే విమానం దిగాక మానడం ఆలస్యమే. పెళ్లిళ్ల సంగతీ ఇంతే. ముహూర్తం నెలా రెండు నెలల ముందే పెడతాం. పత్రికలు అచ్చేయించేటప్పుడే గోలీల గురించి కూడా ఆలోచిస్తే అడ్డేమిటి?

గల్ఫ్ సెలవుల ప్రస్తావన వచ్చింది గనుక ఇంకొక లెక్క చెప్పి తీరాలి. అమెరికాలో 1995లో వెలువడిన ఒక అధ్యయనం, బిడ్డను కోరుకుంటున్న 221 మంది స్త్రీల రోజువారీ వివరాలు చూసి, గర్భం నిలిచేది అండం విడుదలైన రోజుతో కలిపి అంతకుముందున్న ఆరు రోజుల్లోనే అని తేల్చింది. రెండు నెలల సెలవులో అలాంటి ఆరు రోజుల గడువులు రెండు వస్తాయి. అన్నీ సవ్యంగా ఉన్న జంటకు కూడా ఒక నెలలో గర్భం నిలిచే అవకాశం నాలుగోవంతు అనుకుంటే, రెండు నెలల్లో వందలో నలభై నాలుగు జంటలకే నిలుస్తుంది. మిగతా యాభై ఆరు జంటలు ఆరోగ్యవంతులే. పైగా అదే స్త్రీల మూత్రపు నమూనాలు చూసినప్పుడు, నిలిచిన గర్భాల్లో అయిదోవంతు పైగా ఎవరికీ తెలియకముందే పోయాయని 1988లోనే బయటపడింది. సెలవు ముగిసి కొడుకు విమానం ఎక్కాక, కోడలికి ఏదో లోపం ఉందని మాట పుట్టించి మందులకూ మొక్కులకూ తిప్పే ఇళ్లల్లో ఈ లెక్క ఎవరైనా గట్టిగా చదివి వినిపిస్తే బాగుండును.

మా అవ్వకు ఏ గోలీలున్నాయి, పదిమందిని కన్నది కాదా అనేవారికి జవాబు చెప్పాలి. కన్నది నిజమే. ఆ పదిమందిలో ఎంతమంది దక్కారో, దక్కనివాళ్లు ఎట్లా పుట్టారో ఆ ఇంట్లో మాట్లాడుకోలేదు. తలభాగం లేకుండా పుట్టిన బిడ్డను రాత్రికి రాత్రి పూడ్చిపెట్టి, ఊరికి పురుడు పోయిందని మాత్రమే చెప్పిన రోజులవి. తిండి సంగతి అయితే ఒప్పుకుంటాను. తోటకూర, గోంగూర, పాలకూర, పెసలు, శనగలు, కందిపప్పు అన్నిటిలోనూ ఈ విటమిన్ ఉంది. కాని అది నీళ్లలో కరుగుతుంది, వేడికి చెడుతుంది. కూరను ఎక్కువసేపు ఉడికించి నీళ్లు వంపేస్తే చాలాభాగం ఆ నీళ్లతోనే పోతుంది. మిగిలింది కూడా గోలీలో ఉన్నదంత బాగా ఒంటికి పట్టదు. ఆకుకూరలు తినండి, గోలీ కూడా వేసుకోండి. ఒకటి ఉందని రెండోది మానితే లాభం లేదు.

ఇక గోలీ మీద భయాలు. వేడి చేస్తుందని, పిల్లలు కాకుండా చేస్తుందని, ఇంకా కడుపు రాకముందే కడుపు గోలీలేమిటని నలుగురూ నవ్వుతారని. ఫోలిక్ యాసిడ్ సంతాన నిరోధకం కాదు. ఐరన్ గోలీల వల్ల మలం నల్లగా పోవడం, కడుపులో తిప్పడం ఉంటాయి, ఒట్టి ఫోలిక్ గోలీతో అవి ఉండవు. డాక్టర్లు చెప్పే అసలు జాగ్రత్త వేరే ఉంది. బీ12 తక్కువగా ఉన్నవాళ్లు పెద్ద మోతాదులో ఫోలిక్ యాసిడ్ వాడితే రక్తం బాగుపడినట్టు కనిపించి, నరాల నష్టం లోపల లోపలే సాగవచ్చు. మాంసం, గుడ్లు, పాలు ముట్టనివాళ్లకు ఇది వర్తిస్తుంది. రోజుకు 400 మైక్రోగ్రాముల దగ్గర ఆ ప్రమాదం లేదు. మందుల దుకాణంలో ఊరికే ఫోలిక్ గోలీ ఇవ్వమంటే తరచుగా 5 మిల్లీగ్రాములది చేతికి వస్తుంది. అది పన్నెండు రెట్లు పైన. అడిగి, పట్టీ మీద చదివి కొనాలి.

గోలీ ఒక్కటే చాలని నేను అనడం లేదు. షుగర్ వ్యాధి ఉన్న స్త్రీకి ఆ మొదటి వారాల్లో రక్తంలో చక్కెర అదుపు తప్పి ఉంటే నాడీనాళానికీ గుండెకూ లోపాలు వచ్చే అవకాశం పెరుగుతుంది. కాబట్టి ఆమె చక్కెర అదుపులోకి రావలసింది గర్భానికి ముందే. ఫిట్స్‌కు వాల్‌ప్రోయేట్ వాడుతున్నవాళ్లు నెల తప్పాక కంగారుపడి మానేయడం కన్నా, ముందే డాక్టరుతో మాట్లాడి మందు మార్పించుకోవడం మేలు. సొంతంగా మానేస్తే ఫిట్సే ప్రాణం మీదికి తెస్తాయి. జిల్లాలో ఇంటింటా బీడీలు చుట్టే ఆడవాళ్ల సంగతి కూడా ఉంది. పొగాకు దుమ్ము ఊపిరితోనూ చేతుల చర్మం నుంచీ ఒంట్లోకి చేరుతుంది. దాన్ని ఈ లోపానికి ముడిపెట్టను గాని, నెల తప్పాక బీడీలు మానిపిస్తే చాలనుకునే ఇళ్లు ఆ నాలుగు వారాలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. మేనరికాల్లో జన్యుపరమైన లోపాలు వేరే వరస, వాటికి ఈ గోలీ విరుగుడు కాదు. నాడీనాళ లోపాలన్నీ కూడా దీంతో ఆగవు. ఆ 72 శాతంలోనే ఆగనివి ఉన్నాయన్న మాట కూడా ఉంది.

ఎవరివ్వాలి అన్న ప్రశ్న మిగిలింది. ఆశ కార్యకర్తకు ఊళ్లో ఏ ఇంట్లో పెళ్లయిందో, ఎవరు గల్ఫ్ నుంచి వస్తున్నారో తెలియకుండా ఉండదు. ఆమె రిజిస్టరులో గర్భిణుల పేజీకి ముందు ఇంకో పేజీ పెడితే సరిపోతుంది. కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ దరఖాస్తులు ఎలాగూ మండల కార్యాలయాలకు వస్తాయి. చెక్కు చేతికి అందేసరికి ఆలస్యమవుతుందన్న ఫిర్యాదు ఉన్నదే గనుక, గోలీల పట్టీ చెక్కుతో పాటు కాక దరఖాస్తుతో పాటే ఇవ్వాలి. చైనాలో చేసింది దాదాపు ఇదే. ఒక్కరి విషయంలో మాత్రం ఏ పథకం కోసమూ ఎదురుచూడకూడదు. ఇంతకుముందు ఇలాంటి లోపంతో బిడ్డ పుట్టిన తల్లికి మళ్లీ అదే జరిగే అవకాశం మిగతావాళ్ల కన్నా చాలా ఎక్కువ. 1991 నాటి పరీక్ష జరిగింది ఆమెలాంటివాళ్ల మీదే. ఆమెకు మామూలు గోలీ సరిపోదు, పది రెట్లు కావాలి, అది డాక్టరు రాసి ఇవ్వాలి. మరో బిడ్డ కావాలన్న ఆలోచన వచ్చినప్పుడే, మొదటి కాన్పు కాగితాలూ స్కాన్ రిపోర్టులూ పట్టుకుని నిజామాబాద్ పెద్దాసుపత్రికో బోధన్ దవాఖానకో పోవాలి. నెల తప్పాక పోతే ఆ మోతాదు అడగడానికి కూడా సమయం దాటిపోయి ఉంటుంది.